చుక్కల జొరం చార్టులు

ఆ పెట్టెలకి టేపు ఆనక ఏద్దువుగాని, కూసో ప్రీతీ. బెంగుళూరు చుక్కల ఆఫీసు నుంచి కారేసుకోని వచ్చింది మా ఆయన కాయితాలకేనని తెలుసులేమ్మా. బర్నబాసు పోయి ఇన్నేండ్లాయ, అటకమీంద పడుండినవి ఈ ఒక్క పూటకి పారిపోతాయా? ఏం చెప్తాంటిని? ఆ, కుప్పం. పెండ్లయిన కొత్తల్లో ఆయప్పకి కుప్పం అవతల కొండమీంద, పెద్ద టెలిస్కోపు ఉండే ఆఫీసులో పని. ఆడ ఒక చుక్కని సూసి ఇంకోదానికి పోతా ఉండాల. ఈయనకేమో ఒకే చుక్కని ఏండ్ల తరబడి సూడాలని. కొన్ని చుక్కలకి ఎలుగు తగ్గుతాది, మళ్లా పెరుగుతాదంట. నేనప్పుడు ఈడ మదనపల్లెలో, మిషనాసుపత్రిలో నర్సుని. జొరమొచ్చినోళ్లకి పూటపూటకీ చార్టులో గీత గీస్తాం గదా, అది సూసి, "సారా, నా చుక్కలకీ ఇట్లాంటివే కావాల, రెండు తెచ్చియ్యి" అన్నాడు. రెండా! కట్టలకి కట్టలు మోసినా. స్టోర్సులో గోవిందమ్మ నన్ను సూస్తానే, "వచ్చినావా తల్లీ, ఈపొద్దు ఏ చుక్కకి జొరం?" అని, అచ్చు సరిగ్గా పడనివి ఏరి పెట్టిచ్చేది.

పెద్దాఫీసరు అవి సూసి, మొగం ఇట్ల పెట్టి, "ఇది అబ్జర్వేటరీనా, వార్డా మిస్టర్ బర్నబాస్?" అన్నాడంట. "వార్డే సార్" అన్నాడంట ఈయన. ఆ వారమే రాజీనామా ఇచ్చేసి వచ్చేసినాడు. పుంగనూరులో మా అత్త నెత్తీనోరూ కొట్టుకునింది, "గవర్మెంటు పని ఒదిలేసి మిద్దెక్కి కూసుంటాడా నా కొడుకు!" అని. పగలు ఈయన ఇస్కూల్లో లెక్కలు చెప్పేవాడు, పొద్దుగూకితే మిద్దెమీంద సొంత టెలిస్కోపు. బతికుండంగా ఆ గీతల్ని ఒకరూ అడగలే. ఇప్పుడు మీరొచ్చి బంగారం అంటాండారు. నిజం చెప్పనా, మీరు ఫోన్ చేసినకాడ్నుంచి నాకు తిండి దిగలే. ఆయప్ప చెయ్యి పడిన కాయితమంతా ఎత్తుకపోతే నాకింక ఏం మిగుల్తాదని. వద్దని చెప్పేద్దామనే అనుకుంటి.

ఏమంటివి? ప్రతి ఏడూ వానాకాలం వచ్చేసరికి గీత తెగిపోయిందా? పోగొట్టలేదమ్మా. మబ్బు. చుక్క కనపడకపోతే ఏం గీస్తాడు? మిద్దె దిగొచ్చి, "సారా, నా రోగులు అగుపడలేదు" అనేవాడు. నేను చెనిక్కాయలు వేంచేది, ఆయప్ప వలిచి నా చేతిలో పెట్టేది. ఏందేందో మాట్లాడేవాడు, వాళ్లమ్మ గురించి, మాకు పుట్టి నిలవని బిడ్డ గురించి. పొద్దస్తమానం నోరిప్పని మనిషి, నవ్వించి నవ్వించి సంపేవాడు. ఆ మాటలేవీ కాయితాల్లో ల్యా.

...ల్యా గదా.

ఎత్తుకపో తల్లీ. అన్నీ ఎత్తుకపో. గీత లేని తావంతా ఆయప్ప నాతోనే ఉండాడు. ఇంక లెయ్ లెయ్, బిన్నా, వాన రాకముందే కారులో పెట్టుకో, హార్స్లీ కొండ పక్క మబ్బు కమ్ముతాండాది.