ఇంటివాళ్ల మీద వాక్యం

నంద్యాల కోచింగ్ నుంచి వచ్చిన భార్య ఆళ్లగడ్డ బస్టాండులో దిగింది. బండి ఎక్కమనకుండా ఎండలోనే నిలబెట్టి అడిగాడు భర్త.

"నిన్న క్లాసులో నన్ను ఏందో తిట్టినావంట. నీతో సదివే పిల్ల నాయన చెప్పినాడు. టీ అంగట్లో అందరూ నవ్వుతాండారు."

"తిట్టలేదు. కొత్త ఇంగ్లీషు మాట నేర్చుకుంటే, దాన్ని ఇంటివాళ్ల మీద పెట్టి ఒక వాక్యం చెప్పాల. అట్లయితే మర్చిపోము అంటాడు మా సారు."

"నా మీద ఏం మాట పెట్టినావ్?"

"మలెవలెంట్. 'మల్' అంటే చెడు, 'వొల్' అంటే కోరడం. ఎదుటోళ్లకు చెడు కోరేటోడని."

"నీకు నేనేం చెడు కోరినా?"

"ఆదివారం బ్యాంకు పరీక్ష. నా ఆధార్ కార్డు యాడ దాచినావ్?"

అతను బండి తాళం వేలికి తిప్పుకుంటూ రోడ్డు వైపు చూశాడు.

"నాకేం తెలుసు. రేపట్నుంచి నంద్యాల లేదు, ఏమీ లేదు. పిల్లోణ్ణి ఎవురు చూస్తారు?"

"ఇన్నాళ్లూ చూసింది అత్తే కదా. 'బెనె' అంటే మంచి. బెనెవలెంట్ అనే మాట ఆమె మీద పెట్టినా."

"నన్నేమన్నావో మాయమ్మకు చెప్తా, ఉండు."

"పొద్దున్నే నేనే చెప్పినా. రెండు మాటలకూ అర్థం అడిగి తెలుసుకునింది."

"ఏమనింది?"

"లేసిపోయి, నీ పెండ్లి సూటు జేబులో ఉన్న నా ఆధార్ కార్డు తెచ్చిచ్చింది. రెండు మాటలూ సరిగ్గానే పెట్టినావమ్మా అనింది."