పసుపు సున్నం సమర్త

"జేజీ, నీకు గడ్డం వచ్చినప్పుడు నువ్వేం చేసినావు?" అని అడిగినాను.

ఏం చేస్తారు మ్మే, తడుముకోని సూసుకుంటారు. నవ్వుతాండావా, నవ్వు. ముందు ఈడ కూర్చోని ఆ చున్నీ మూతి మీద నుంచి తీసెయ్, నిన్ను సూస్తే నాకు ఉక్కపోస్తాంది. వారమాయె కాలేజీకి పోక అని మీ యమ్మ మొత్తుకుంటాంది. కర్నూలు డాక్టరమ్మ ఏమన్న్యాది? పుట్టుకతోనే ఒంట్లో ఏదో గ్రంథి సరిగ్గా పని చేయదంట, అంతే గదా. నాదీ అదే అయ్యుంటాది. నా తమ్ముని మనవరాలివి, నాది గాక ఇంగెవరిది వస్తాది నీకు. ఆమె నీకు రాసిచ్చిన మాత్తర్లు మా కాలంలో యాడివి, ఆ రోగం పేరే ఎవురికీ తెలీదు.

నాకు ఏడేండ్లప్పుడు, ఏడో ఎనిమిదో, ఊరి ఆడపిల్లల్లో నేనే పొడుగు. మా నాయన నన్ను సేన్లోకి తీసకపోయి, నా బిడ్డ జొన్న కంకి అందుకుంటాది సూడండప్పా అని కనపడినోళ్లకల్లా చెప్తాండె. పన్నెండేండ్లకు ఆడికే నిలబడిపోయినా. నాకన్నా సిన్న పిల్లోళ్లు గూడా నన్ను దాటుకోని పోయినారు. గొంతు సూస్తే మగోని గొంతు. మొగమంతా మొటిమలు. పదమూడుకో పద్నాలుక్కో గడ్డం కింద వెంట్రుకలు మొదలు. నా ఈడు పిల్లలంతా పెద్దమనుషులైరి, పెండ్లిళ్లాయె, సంకల్లో బిడ్డలాయె. నాకేమో పందొమ్మిది నిండినా ఏమీ ల్యా.

కర్నూలు రాజధాని అయ్యింది సూడు, గుడారాలేసి ఆపీసులు పెట్టినారంట, ఆ కాలం. మాది కోయిలకుంట్ల పక్కన గదా, మా నాయన ఒగసారి పోయి సూసొచ్చి, బెల్లం ధర ఆడ గూడా ఇంతే అని చెప్పె. రాజధానికి పోయి బెల్లం ధర అడిగొచ్చిన మనిషి ఆయన. యాడ ఉంటి? ఆఁ, ఆలూరు తట్టు నుంచి నాకు సంబంధం వచ్చినాది. పొట్టిదాన్ని గదా, పదైదేండ్లని చెప్పినారు మావోళ్లు. పిల్ల పెద్దమనిషి అయితానే కబురు పెట్టండి, వచ్చి సూసుకుంటాం అన్న్యారు ఆళ్లు.

ఇంగ మా యమ్మ, మా పెద్దమ్మ ఇద్దురూ కూర్చోని గుసగుస. ఒగ పొద్దున్నే నా కోక తీసకపోయి దానికి పసుపు సున్నం కలిపి పూసినారు. దిష్టి తీసేటప్పుడు నీళ్లు ఎర్రగా చేస్తాం సూడు, అదే. నన్ను మూలన కూర్చోబెట్టి, పాప పెద్దమనిషి అయ్యిందని వీధంతా చెప్పొచ్చినారు. మా మేనమామ పాపం నిజమే అనుకోని, యాప కొమ్మలు కొట్టుకొచ్చి పచ్చాకుల గుడిసె ఏసినాడు. ఎంత బాగా ఏసినాడనుకున్న్యావ్.

నువ్వు నమ్మవు గానీ మ్మే, నాకు శానా బాగుండె. పని ల్యా, పాటా ల్యా. పూటకొగరు నువ్వులుండలు, ఎండు కొబ్బరి, నెయ్యన్నం తెచ్చి పెడ్తాండ్రి. మాపుసారి ఆడోళ్లొచ్చి పాటలు. ఇన్నేండ్లూ నన్ను సూసి మూతి తిప్పుకున్నోళ్లే బుగ్గలకు పసుపు పూస్తాండ్రి. లోపల నవ్వొస్తాండె, ఏడుపూ వస్తాండె. నా మొగం ఎవురన్నా అంత ప్రేమగా ముట్టుకోవడం అదే మొదులు.

మూడో పొద్దు ఎంకటమ్మత్త వచ్చె. మా ఊరి చాకలామె. మొదటి దినం కట్టుకున్న కోక ఆమెకు పోవాల, అది ఆచారం. మా యమ్మోళ్లు అన్నీ ఆలోచించినారు గానీ, ఆ కోక పోయేది నలభై ఏండ్లుగా ఊరి మరకలన్నీ ఉతికినామె చేతికని మర్చిపోయినారు. ఎవురూ లేంది సూసి గుడిసె ముందర కూర్చున్న్యాది.

"సుంకమ్మా, నెత్తురు మరకైతే ఆరితే నల్లబడాల. నీ కోక పసుప్పచ్చగా అయినాది" అనె.

నా నోట్లో నువ్వులుండ ఆడికే నిలబడిపాయె. మింగనీక రాదు, ఊంచనీక రాదు. ఆమె నవ్వి నీళ్ల చెంబు ఇచ్చి, ఊరందరి కోకల సంగతీ నా కడుపులో ఉండాది, నీదొగటి నాకు బరువు గాదులే అన్న్యాది. మళ్లీ అదే నోటితో ఒగ మాట చెప్పె.

"ఆలూరులో గూడా నా అట్లాంటిది ఒగతి ఉంటాది గదమ్మా. నెల తిరిగేసరికి ఆమెకు తెలుస్తాది. ఆమె నీ మనిషి గాదు."

ఆ పొద్దంతా ఉండ ముట్టల్యా నేను. నెలకొగసారి పసుపు సున్నం కలుపుకుంటా, అత్తకు, మొగునికి, చాకలామెకు దాసుకుంటా, ఎన్నేండ్లు? ఒగ పొద్దు తెలిస్తే బస్సెక్కిచ్చి పంపిస్తారు, మా నాయన తల యాడ పెట్టుకుంటాడు? భయమైనాది నాకు. సెప్పకపోతే ఒగ భయం, సెప్తే ఇంగొగ భయం.

తొమ్మిదో దినం నీళ్లు పోసి, పట్టు కోక కట్టినారు. ఆలూరోళ్లొచ్చినారు, పిల్లోడు, ఆయన తల్లి. నోరు తెరవద్దు, తల ఊపు సాలు అని మా యమ్మ ఒట్టు పెట్టిచ్చుకుంది, నా గొంతు సంగతి తెలుసు గదా. ఆ తల్లి మంచి మనిషి, నా సెయ్యి పట్టుకోని, పాపా, ఏమన్నా మాట్లాడు అన్న్యాది. ఆ సెయ్యి మెత్తగా ఉండాది మ్మే. దాన్ని మోసం చేసేకి నాకు మనసు రాల్యా.

"అమ్మా, నేను పెద్దమనిషి కాలేదు. అయితానో లేదో తెలీదు. నాకు పందొమ్మిదేండ్లు, గడ్డం గూడా వస్తాది" అన్న్యా.

ఆ పిల్లోడు ఉలిక్కిపడి తలెత్తి, మాట్లాడిన మగోడెవుడా అని ఇల్లంతా సూస్తాడు. ఇప్పటికీ తలుచుకుంటే నవ్వాగదు నాకు. ఆ తల్లి నా సెయ్యి మాత్రం వదల్లేదు, సెప్పి మంచి పని చేసినావు తల్లీ, మేము పోయొస్తాం అనె. పోతా పోతా, ఆ నువ్వులుండలు శానా బాగుండాయి, బస్సులో తింటాం, ఓ నాలుగు కట్టియ్యండి అన్న్యాది. కట్టిచ్చినాం. నాకు సిగ్గు కాలేదు, ఒళ్లు తేలికైనాది. మా మామ మాత్రం నాతో ఆర్నెల్లు మాట్లాడల్యా, గుడిసె ఏసిన కష్టం ఆయనది.

పెండ్లా? కాలేదు. నేనే వద్దనుకున్న్యా అంటే అబద్ధం, ఎవురూ రాల్యా. కాదు, ఒగాయన వచ్చినాడు, పెండ్లాం పోయి ముగ్గురు బిడ్డలుండేటాయన. ఆయన్ని నేనే వద్దన్న్యా, ఆయన ముక్కు నాకు నచ్చల్యా. నా గడ్డం గురించి ఊరంతా మాట్లాడొచ్చు గానీ ఆయన ముక్కు గురించి నేను మాట్లాడకూడదా? కలుపుకు పోతే ముప్పై మంది కూలోళ్లకు నేనే మేస్త్రీ, నా కేక ఆ గట్టుకు ఇనపడ్తాండె. మీ తాత పుట్టిన బిడ్డను నా ఒళ్లో పెట్టిన పొద్దు మాత్రం ఏడ్చినా. ఒగ పొద్దే. ఆ బిడ్డే మీ నాయన, ఎత్తుకోని తిరిగి నా నడుము పాయె.

మా యమ్మ సంగతి చెప్పల్యా గదా. ఆలూరోళ్లు పోయినాక నన్ను ఒగ మాట అనల్యా ఆమె. శుక్రవారమొస్తే బూడిద పట్టిచ్చి నా గడ్డం వెంట్రుకలు ఒగొగటి పీకుతాండె, ఐదారేండ్లుగా అదే పని. ఆ శుక్రవారమూ బూడిద తెచ్చుకోని ముందర కూర్చున్న్యాది. గడ్డం పట్టుకోని సూస్తా ఉండి, పీకకుండా, "ఇన్నేండ్లూ నొప్పి పెట్టినాదా పాపా?" అని అడిగె.

పెట్టినాదిమా అన్న్యా. ఆ బూడిద అట్లే దిబ్బలో పారబోసొచ్చి, నా గడ్డం మీద ముద్దు పెట్టుకున్న్యాది మా యమ్మ.

నువ్వు పీక్కుంటావో, గీక్కుంటావో, వదిలేస్తావో, అది నీ ఇష్టం మ్మే. ఆ మాత్తర్లు మాత్రం ఒగ పూట గూడా మానొద్దు, అవి మాకు దొరకనివి. ఎవురన్నా అడిగితే సెప్పు, పోయేటోళ్లు పోనీ. సల్లంగా ఉండు తల్లీ, నా ఆయుస్సు గూడా పోసుకో. రేపు సోమవారం గదా, మీ కాలేజీ బస్సు ఎన్ని గంటలకొస్తాది? రోడ్డు దాకా నేనూ వస్తా, ఇద్దురం గడ్డాలేసుకోని నిలబడితే ఆ డ్రైవరు…