చెరువున్న ఊరి పేరు

1990 సెప్టెంబరు. ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నలభై రోజులు దాటింది. ఫర్వానియాలో ఒక బడి వరండా. ఇండియాకు వెళ్ళిపోయే వాళ్ళ ఫారాలు నింపుతున్న గుమాస్తా సత్యప్రసాద్. బల్లకు ఇవతల, జహ్రాలో ఒకే ఇంట్లో పనిచేసే ఇద్దరు: డ్రైవరు ఆంజి, అతని భార్యకు అక్క, వంటమనిషి రెడ్డెమ్మ.

“పాస్‌పోర్టు పోయింది ఏ రోజండీ?”

“పోలేదు సార్. ఉండాది.”

“ఉంటే ఇవ్వండి మరి.”

“ఇనప పెట్టెలో ఉండాది. తాళంచెవి మా కఫీల్, మా యజమాని, ఆయన జేబులో ఉండాది. ఆయన జులైలోనే విమానమెక్కి పోయినాడు.”

“అంటే మీ చేతిలో లేదు కదండీ. ఇక్కడ ‘పోయిన తేదీ’ అని ఉంది. ‘పెట్టెలో ఉంది’ అని రాసుకోడానికి గడి లేదు. ఏదో ఒక తేదీ చెప్పండి బాబూ, మీ వెనకాల రెండొందల మంది ఉన్నారు.”

“ఆగస్టు రెండు అని రాయండి సారూ. ఆ పొద్దు అన్నీ పోయినాయి.”

“నువ్వు ఊరుకో వదినా. అడిగేది నన్ను.”

“ఆగస్టు రెండు. రాశాను. రెడ్డెమ్మగారూ, మీక్కూడా అదే రాస్తాను. ఆంజిగారూ, పెళ్ళయిందా?”

“అయింది. వెంకటేశ్వరి.”

“ఎక్కడున్నారు? ఇండియాలోనా, ఇక్కడేనా?”

“రెండు చోట్లా లేదు.”

“అయ్యో. క్షమించండి. ఎప్పుడు...”

“చచ్చిపోలేదు సార్! కఫీల్ పిల్లకాయల్ని చూసుకునేదానికి వాళ్ళ ఎంట పోయింది. ఏటా ఎండాకాలం వాళ్ళు ఒక ఊరికి పోతారు. చల్లని ఊరు. చెరువుంటాది.”

“అమ్మయ్య. మంచిదే కదండీ, ఈ గొడవలో ఇరుక్కోలేదు ఆవిడ. ఊరి పేరు చెప్పండి, రాసేస్తాను.”

“దానికే కదా సార్ మీ కాడికి వచ్చినా. పేరు తెలీదు.”

“దేశం?”

“తెల్లోళ్ళ దేశం.”

“తెల్లోళ్ళ దేశాలు ముప్పై దాకా ఉన్నాయండి.”

“మా వదినను అడగండి. పోయినేడు ఈమే పోయింది. రెండు నెల్లు ఉండొచ్చింది. చెప్పు వదినా.”

“ఏం చెప్పేది? నెల రోజుల్నుంచి అదే అడగతాండావు. తెలిస్తే చెప్పనా?”

“రెండు నెల్లు! ఒక ఊళ్ళో రెండు నెల్లు తిన్యావు, పండుకున్యావు. ఆ ఊరేందో తెలీదా?”

“తెలీదు.”

“ఆగండాగండి. అమ్మా, ఈ గడి ఎందుకు అడుగుతున్నానంటే, ఇది నింపితే, మీ బస్సు చేరే అమ్మాన్‌లో మన ఎంబసీ వాళ్ళు ఆ దేశంలో మన ఎంబసీకి కబురు పంపుతారు. వాళ్ళు ఆవిడ దగ్గరికి వెళ్తారు. అక్కణ్ణించే ఇండియాకు ఎక్కిస్తారు. నింపకపోతే ఎవరు ఎవర్ని వెతకాలి చెప్పండి?”

“ఇంకో మాట సార్. ఆ ఇల్లు వాళ్ళకు ఈ నెలాఖరు దాకనే. తర్వాత వాళ్ళు ఎటు పోతారో. సౌదీకో, ఈజిప్టుకో. యాడికి పోతే ఆడికి ఆమెను ఈడ్చుకోని పోతారు. ఆమె పాస్‌పోర్టు గూడా వాళ్ళ కాడనే కదా.”

“అందుకే అడుగుతున్నాను. అమ్మా, విమానం దిగాక కారులో ఎంతసేపు వెళ్ళారు?”

“చిన్నబిడ్డ నా ఒళ్ళో కక్కుకునింది సారూ. అది తుడుచుకునేసరికి ఇల్లొచ్చేసింది.”

“దారిలో బోర్డులేవైనా...”

“నాకు తెలుగు బోర్డే చదవను రాదు.”

“పోనీ అక్కడ ఏం చూశారో అది చెప్పండి.”

“చెరువు సారూ. మన చెరువుల మాదిరి కాదు. మంచు మూసుకుంటే అవతలి గట్టు కనపడదు. చుట్టూ కొండలు. కొండల నెత్తిన ఆగస్టులో గూడా తెల్లగా ఉంటాది. నీళ్ళలో పొడుగు మెడల తెల్ల పక్షులు. మనుషులంటే భయం లేదు వాటికి. బిడ్డ చేతిలో రొట్టె గుంజుకున్నాయి.”

“ఇంకా?”

“జనం. పనీ పాటా లేని జనం. పొద్దున్నే రొట్టెలు మూట కట్టుకోని కొండెక్కుతారు. పైన గుడి ఉండదు, ఏమీ ఉండదు. ఉత్త కొండ. సాయంత్రం దిగొస్తారు. దిగొచ్చి నవ్వతారు.”

“వదినా, సారు ఊరి పేరు అడగతాండాడు.”

“చెప్పనీ అబ్బీ, అడిగినాడు కదా. ఎండ రవ్వంత పడితే చాలు సారూ, గుడ్డలిప్పి గడ్డిలో పండుకుంటారు. మా మామా, అదే కఫీల్ పెండ్లాం, దుప్పటి కప్పుకోని వాళ్ళ పక్కన కూచుంటాది. పిల్లకాయలు పెదాలు నీలంగా అయ్యేదాకా ఆ నీళ్ళలో దూకుతానే ఉంటారు. పడవలెక్కుతారు.”

“పడవ మీద ఊరి పేరేమైనా రాసుంటుందండి. మీరు ఎక్కినప్పుడు...”

“నేనేడ ఎక్కినా? నేను చెప్పుల కాడ.”

“చెప్పులా?”

“అందరి చెప్పులు, గుడ్డలు, టీ ఫ్లాస్కు. గట్టు మింద ఒక బల్ల ఉంటాది. వాటిని పెట్టుకోని ఆడ కూచోవాల. రెండు నెల్లు అదే బల్ల. ఆ బల్లకు ఎన్ని మేకులున్నాయో అడగండి, చెప్తా. ఊరి పేరు నాకెవరు చెప్పినారు? పొద్దున లేస్తానే ‘యల్లా, పదండి చెరువుకు’ అంటారు. అంతే. పేరుతో నాకేం పని పడింది?”

“చలికాలం ఆ చెరువు గడ్డకడతాదంట సార్. నా పెండ్లాం ఫోన్లో చెప్పింది. జోళ్ళకు కత్తులు కట్టుకోని దాని మింద జారతారంట. అట్లాంటి ఊరు సార్. మీరు చదువుకున్నోళ్ళు, మీకు తెలీదా?”

“నేను అమలాపురం వదిలాక కువైట్ ఒక్కటే చూశానండి. అలాంటి ఊళ్ళు వందుంటాయి. స్విట్జర్లాండ్ అని రాయమంటారా, ఊహించి?”

“కాకుంటే?”

“కాకపోతే అక్కడ వెతుకుతారు. లేదంటారు.”

“లేదని కాగితం మూసేస్తారు కదా?”

“మూసేస్తారు.”

“అయితే వద్దు సార్. తప్పు రాసి మూయించేదానికంటే వద్దు.”

“సరే. ఉత్తరాలేమైనా వచ్చాయా?”

“రాలేదు సారూ. ఏ ఉత్తరమూ రాలేదు.”

“కార్డొచ్చింది కదా వదినా.”

“ఏ కార్డు?”

“ఏ కార్డేంది! జులైలో వచ్చింది, చెరువు బొమ్మ కార్డు. నవంబర్లో ఎడారికి పోవాల, కబ్ద్‌లో గుడారాలు ఎలకలు కొట్టకుండా చూడండి అని కఫీల్ రాసినాడు. అరబ్బీ ఒక్కటే చదవను వచ్చే పక్కింటి ఆమెతో చదివించుకుంటిమి కదా. నువ్వే వంటింట్లో అలమారలో పెడితివి.”

“ఆ. అదా. ఉంటాది యాడో.”

“యాడో అంటే? ఇల్లంతా తిరగేసినా. నువ్వూ నా పక్కన నిలబడి వెతికితివి.”

“వెతికినా.”

“అమ్మా, కార్డు మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుందండి. బొమ్మ వెనకాల ఊరి పేరే అచ్చేసి ఉంటుంది. అదొక్కటి దొరికితే చాలు.”

“విన్యావా వదినా?”

“విన్యా.”

“మరి మొగం అటు తిప్పుకుంటావేంది? వదినా. ఇటు చూడు. కార్డు యాడుంది?”

“కాల్చినా.”

“ఏందీ?”

“కాల్చినా అబ్బీ. రొట్టెల పొయ్యిలో ఏసినా.”

“కాల్చినావా?”

“కఫీల్ మిలిటరీలో ఆఫీసరు సారూ. సోల్జర్లు ఇల్లిల్లూ సోదా చేస్తా వస్తాండిరి. పక్కింటి ఖాతూన్ బీ గోడ మింద నుంచి అరిసింది, ఆయన ఫోటోలు, ఆయన చేతిరాత ఏదున్నా కాల్చేయండి, దొరికితే ఇంట్లో ఉన్నోళ్ళను పట్టకపోతారు అని. ఏది ఆయన రాతో ఏది కాదో నాకేం ఎరుక? అరబ్బీ గీతలున్న కాగితమల్లా పొయ్యిలో ఏసినా. కార్డు మింద గూడా గీతలుండె.”

“బొమ్మ చూసి గూడా ఏసినావా?”

“చూసినా. రవ్వంతసేపు చేతిలో పట్టుకున్యా. నేను కూచునే బల్ల కనపడింది బొమ్మలో. వాకిట్లో బూట్ల చప్పుడయింది. ఏసినా.”

“కాల్చి, మళ్ళా నాతో కలిసి వెతికినావే! నెల రోజులు! నేను పరుపులు కోసి చూస్తాంటే దీపం పట్టుకోని నిలబడితివే!”

“పరుపులు కోసే మనిషికి ఎట్ల చెప్పేది?”

“మోకాళ్ళ నొప్పి, చలికి పోలేనని చెల్లెల్ని పంపినావు. పంపినాక దాని జాడ కాల్చినావు.”

“అను. ఆ మాట నువ్వు అంటావని తెలిసే చెప్పలా.”

“అననా మరి? అననా?”

“ఆంజిగారూ, మెల్లిగా మాట్లాడండి. గేటు దగ్గర సోల్జర్లున్నారు. ఇటే చూస్తున్నారు.”

“చూడనీ సార్. నా ఫారం చించేయండి. నేను రాను.”

“అబ్బీ!”

“జహ్రా ఇంట్లోనే ఉంటా. ఆమెకు తెలిసింది ఆ ఇల్లు, ఆ ఇంటి ఫోను. నేను ఇండియాకు పోతే ఆమె ఎవరికి చేసుకోవాల ఫోను?”

“లైన్లు తెగి నలభై రోజులండి.”

“అతుకుతారు.”

“ఎవరు అతుకుతారండీ?”

“ఎవరో ఒకరు. ఎల్లకాలం ఇట్లనే ఉంటాదా?”

“ఇంట్లో పిండి మొన్ననే అయిపోయింది సారూ. కారు తీసకపోయినారు. పోయినసారి వచ్చినప్పుడు కఫీల్ యాడని ఇతన్నే కొట్టినారు. ఆ చెయ్యి చూడండి, ఇంకా పైకి లేవదు. ఒక్కణ్ణి వదిలి నేనెట్ల పోయేది?”

“పో. నీతో ఒక బస్సులో నేను కూచోలేను వదినా.”

“వేరే బస్సులో రా. నాతో మాట్లాడబాక. రా, అంతే.”

“ఆంజిగారూ, ఒక్క మాట వినండి. నేను మా ఆవిడ బేబీనీ, పాపనీ మొదటి బస్సులో పంపేశాను. పన్నెండు రోజులైంది. చేరారో లేదో నాకూ తెలీదు. తెలీకుండానే ఇక్కడ కూర్చుని రాస్తున్నాను. బస్సు రేపు పొద్దున్నే బయల్దేరుతుంది. మళ్ళీ ఎప్పుడుంటుందో నేను చెప్పలేను. మీ పేరు ఉంచనా, కొట్టేయనా?”

“ఊరి పేరు లేకుండా ఉంచి ఏం లాభం సార్?”

“కార్డు సంగతి వదిలేయండి. ఫోన్లలో ఆవిడ ఏమైనా చెప్పారేమో గుర్తు తెచ్చుకోండి. ఆఖరిసారి ఎప్పుడు చేశారు?”

“ఆగస్టు ఒకటి సారూ, సాయంత్రం. నేనే ఎత్తినా. గొంతు బొంగురు పోయుండె, జలుబు చేసి. ఆంజిని పిలిచి ఇచ్చినా.”

“ఏం మాట్లాడారండీ?”

“ఏముంది సార్. బాగుండావా, బాగుండా.”

“అంతేనా?”

“అంతే.”

“శానాసేపు నిలబడితివి కదబ్బీ. నేను ఉల్లిగడ్డలు తరగడమే అయిపాయె.”

“లేదు.”

“కొట్లాడుకున్యారా?”

“లేదు వదినా. ఊరుకో.”

“నేనెట్ల ఊరుకుంటా? నన్ను ఇంతసేపు అంటివి కదా. నా తప్పు నేను చెప్పినా. నువ్వు చెప్పు, ఏమనింది నా చెల్లెలు?”

“ఆమెను అనేదానికి ఏమీ లేదు.”

“మరి?”

“చలి పడటంలా అనింది. పిల్లకాయల తడిగుడ్డలు పిండుతా గట్టు మింద కూచుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి, నన్ను ముందే పంపించమని కఫీల్‌ని నువ్వడుగు అనింది. ఇంకో రెండు నెల్లు ఓర్చుకో అన్యా. సరే అనింది.”

“అంతేనా?”

“ఇంకో మాట అనింది.”

“ఏమని? చెప్పు నాయనా.”

“మామా పెద్దబిడ్డ ఈ ఊరి పేరు, ఇంటి నంబరు నాతో పదిసార్లు చెప్పించి నేర్పింది, మర్చిపోకముందే చెప్తా, పెన్సిలు తీసుకో అనింది.”

“చెప్పిందా? ఆంజీ, చెప్పిందా?”

“కారు సగం కడిగి వచ్చినా. చేతుల నిండా సబ్బు. రేపు చెప్దువులే అని పెట్టేసినా వదినా. ఇంతవరకూ రాసుకోలా.”