ఆకుల చాటు పాము

నర్సీపట్నంలో ముసురు పట్టిన ఆ పగలు, పక్షవాతంతో మంచం పట్టిన భర్త పక్కన కూర్చుని ఆమె అద్దాల పెట్టెలోని మొక్కలకు నీళ్లు చల్లుతోంది. చనిపోయిన కూతురు జ్యోతి కొయ్యూరు నుంచి తెచ్చి పెంచుకున్న పసరిక పాము పెట్టె అది.

"పాము ఏటి సేస్తన్నాది?"

"తమలపాకు తీగ కింద పడుకున్నాదండి."

"నిన్నా అదే సెప్పావు."

"మొక్కలు గుబురుగా ఎదిగిపోనాయి. మీకు కనబడదు."

"పసరిక పాము ఆకుల మీదే ఉంటాదని జ్యోతి సెప్పేది."

ఆమె చేతిలో చెంబు ఆగిపోయింది.

"పాము సచ్చిపోయి ఎన్నాళ్లయింది?"

"నెల దాటిందండి. పెరట్లో కప్పెట్టీసేను. అదీ పోయిందంటే మీరు తట్టుకోలేరని ఇంకొన్ని మొక్కలు నాటేను."

"నాకు ఎప్పుడో తెలిసింది."

"మరి రోజూ ఎందుకడిగేరు?"

"జ్యోతి పోయినకాడి నుంచి నువ్వు నాతో మాటాడ్డం మానీసేవు. పాము గురించి అడిగితేనే ఇలాగొచ్చి కూకుంటన్నావు."

ఆమె అతని చచ్చుబడిన చేతిని ఒళ్లోకి తీసుకుంది. ఆ చేతికి స్పర్శ తెలీదని తెలిసీ నిమురుతూనే ఉంది.

"రేపటి నుంచి ఏటడగాల నేను?"

"జ్యోతి గురించి అడగండి," అంది. కూతురి పేరు ఆమె నోట వచ్చి ఎన్నాళ్లో అయింది.