అప్పలకొండ కట్టిన తప్పు

అప్పలకొండని ఒకర్తుండేది, మా ఈదిలోనే. దానికి ఒకటే కోరికంట, పోలీసవ్వాల. ఖాకీ కట్టి లాఠీ ఊపే పోలీసు కాదు, మామూలు బట్టల్లో వొచ్చి, నాలుగు మాటలడిగి దొంగని పట్టీసే డిటెక్టివు. ఎవులింట్లో కోడి పోయినా దీన్నే పిలిసేవోరు. వాకిట్లో అడుగు సూసి, ఇది ఫలానావోడిదని సెప్పీసేది. నవ్వకండి, నిజం.

సరే, ఏమైందంటే, ఒకేడు సిన్నమ్మి మేక పోయింది. అప్పలకొండ ఆళ్లనీ ఈళ్లనీ అడిగి, సంతకి తోలీసినారని కనిపెట్టి, ఆళ్లన్న మోటారుబండి మీద సిన్నమ్మిని ఎక్కించుకొని ఎల్లి మేకని పట్టుకుంది. వొచ్చేటప్పుడు మేక మద్దిన, సిన్నమ్మి ఎనకాల. టౌనులో పోలీసోలు ఆపీసినారు. లైసెన్సు లేదు, హెల్మెట్టు లేదు, పైగా మేకొకటి! జరిమానా కట్టించి వొదిలీసినారు. అక్కడితో అయిపోవాల గదా. కానీ మనూరి సంగతి మీకు తెలుసు, పెద్దల ముందు తప్పు, అదే జరిమానా, కట్టినోలు పండగలో అమ్మోరి ఘటం నెత్తికెత్తకూడదు. పోలీసోలకి కట్టినా తప్పు తప్పేననుకుంది ఇది. “ఘటానికే పనికిరానిదాన్ని, పోలీసుకేటి పనికొస్తానే అమ్మా” అని దీని బెంగ. పోలీసు ఉద్యోగాలు పడినప్పుడల్లా ఈదిలో ఆడగుంటలు దరకాస్తులు పెడతంటే ఇది గుమ్మంలో కూకొని సూసేది. ఎవుల్నీ అడగలేదు, సిగ్గు. అలగలాగే ఏళ్లెల్లిపోనాయి. పెళ్లయింది, పిల్లలు పుట్టినారు. అయినా బస్సులో పోలీసోడు కనబడితే పానం లాగీసేదంట.

మొన్నామధ్య మోటారుబళ్ల దొంగ కోసం ఒకాయన మామూలు బట్టల్లో వొచ్చినాడు. ఎవులూ పోల్చలేదు. టీ తాగుతా అందరి సెప్పులూ సూత్తన్నాడని ఇది పట్టీసింది. “దొంగ కోసమే గదా బాబూ” అందంట. ఆయన అదిరిపోయి, ఇంత కన్నుంది, మా డిపార్ట్‌మెంటుకి ఎందుకు రాలేదు తల్లీ అన్నాడు. “నా మీద కేసుంది బాబూ” అని మేక సంగతంతా సెప్పింది. ఆయన నవ్వలేదు. “అది కేసెలా అవుద్దమ్మా, చలానా. నా మీదే రెండున్నాయి. అడిగితే దాచకుండా చెప్తే సరిపోయేది. ఇప్పుడు నీకెన్నేళ్లు?” సెప్పింది. ఆయన గ్లాసు కింద పెట్టీసినాడంట.

ఆయనెల్లినాక, “ఒక్కమాట అడగొచ్చు గదే, ఎవుల్నైనా ఒక్కమాట” అని తన్ను తానే తిట్టుకొని ఏడిసింది. ఆ ఏడు పండక్కి పెద్దల ముందు నిలబడి, ఘటం నానెత్తుతాను, అడ్డొచ్చేవోరు రండి అంది. ఎవులూ రాలేదు. ఎత్తింది. ఎత్తినా దాని కళ్లు దారి పొడుగునా నేల మీదే, అడుగులు సూసుకుంటా.

మేకంటారా? ఓలమ్మా, అది దొరికితే అమ్మోరికిస్తానని సిన్నమ్మి మొక్కుకుందంట. తెచ్చిన వారానికే కోసీసినారు. ఊరంతా తిన్నాం.