కొండదారి గేటు

నెవాడాలోని ఆ చిన్న కౌంటీలో, ప్రభుత్వ భూమి మీదుగా పోయే కొండదారిని తెరవాలని కౌంటీ పాలక బోర్డు తీర్మానించింది. సభ్యురాలు లోరీన్ బయటికొచ్చేసరికి, ఆ దారి గేటుకు తాళం వేసిన అన్న ట్రక్కు దగ్గర నిలబడి ఉన్నాడు.

“సొంత అన్నకే ఎదురు ఓటేశావు కదే!”

“ఆ దారి అందరిదీ అన్నయ్యా.”

“గేటు పెట్టింది మన నాన్న.”

“ఆవులు పోకుండా పెట్టాడు. మనుషులు రాకుండా తాళం వేసింది నువ్వు.”

“వేటగాళ్లు నా మందను బెదరగొడుతుంటే చూస్తూ కూర్చోమంటావా?”

“మొన్న ఫైరింజన్ ఆ తాళం దగ్గరే ఆగిపోయింది. ఆ దారి చివరున్న విల్మా ఇల్లు బూడిదైంది.”

అతను తల దించుకున్నాడు.

“రేపు షెరీఫ్ వచ్చి తాళం కోస్తాడా?”

“కోస్తాడు.”

“వాణ్ణి పంపకు. నేనే తీస్తాను. తర్వాత విల్మా దగ్గరికి నాతో రావే. ఒక్కణ్ణే వెళ్లలేను.”