మునగకొమ్మ మీద ముందస్తు దాడి

ఇరాక్ యుద్ధం మొదలైన వారం, ఓ పొద్దున భవానీపురంలో రిటైరైన పాలిటిక్స్ మాస్టారు పేపరు మడిచి, గోడ మీదికి వాలిన పక్కింటి మునగకొమ్మ వంక తేరిపార చూశారు. అది చూసిన భార్య గబగబా వంటింట్లోకి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనం వేళకి ఆయన ఆవిడతో తేల్చి చెప్పారు.

“ఆ కొమ్మ కొట్టేస్తా.”

“ఎందుకండీ? అదేం చేసింది?”

“ఇంకా చెయ్యలేదు. గొంగళి పురుగులు పట్టి నెత్తిన రాలేదాకా కూర్చుంటామా? అమెరికాలో ఈ యుద్ధం చేయిస్తున్న నియోకన్సర్వేటివ్‌లు చెప్పేది అదే. ముప్పు ముదరకముందే మనమే వెళ్ళి కొట్టాలి.”

“పురుగులు కనబడ్డాయా?”

“కొట్టాక వెతుకుదాం.”

“పోనీ, కాలనీ సంఘంలో ఓ మాట చెప్పండి.”

“వాళ్ళు టీ తాగి తీర్మానం రాస్తారు. మంచీ చెడూ తెలిసినవాడు, బలమున్నవాడు ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదు.”

“బలమా? నిన్న పచ్చడి సీసా మూత రాక నన్ను పిలిచారు.”

“అది వేరే. కొమ్మ పోతే వాళ్ళింట్లోకీ వెలుతురొస్తుంది. స్వేచ్ఛంటే ఏమిటో తెలిసి పక్కింటి నాగవల్లి మనకి దణ్ణం పెడుతుంది.”

“మాట మానేస్తుందండీ! ఈ వీధిలో నావాళ్ళనుకున్నవాళ్ళంతా ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. గోడ దగ్గర పలకరించడానికి ఆవిడొక్కతే మిగిలింది.”

“సిద్ధాంతం ముందు స్నేహాలేమిటే? కత్తి ఎక్కడ?”

“ముప్పు ముదరకముందే కదలాలన్నారు కదా?”

“అన్నాను.”

“పొద్దున మీరు కొమ్మ వంక చూసిన చూపుకే భయమేసి, కత్తి తీసుకెళ్ళి నాగవల్లికి ఇచ్చేశాను.”

“నన్నడక్కుండానా!”

“ఎవరి అనుమతి కోసమూ ఆగకూడదన్నారుగా. అదిగో, గోడ మీద గిన్నె పెడుతోంది. మన కత్తితోనే ములక్కాడలు కోసి పులుసు పెట్టిందట.”

మాస్టారు గిన్నె మూత తీసి వాసన చూశారు.

“పురుగులు వచ్చాకే చూద్దాంలే. అన్నం పెట్టు.”